అబింగ్డన్‌లో ఎంత మెరిసిందో అంత

1965 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఒకటి కార్ల ప్రదర్శనలో నిలబెట్టి ఉందనుకుందాం. బానెట్ ఎత్తి ఉంది. జంట కార్బురేటర్ల మీది అల్యూమినియం టోపీల్లో చూసేవాళ్ల మొహాలు కనిపిస్తున్నాయి. బోల్టులన్నీ ఒకే బంగారు రంగులో నిగనిగలాడుతున్నాయి. ఇత్తడి గొట్టాలు తళతళ, ఇనుప కమ్ములు తళతళ. వచ్చినవాళ్లంతా ‘అబ్బ, ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే దిగినట్టుంది’ అంటూ ఫొటోలు తీసుకుంటారు. ఆ మాట అబింగ్డన్‌లో పనిచేసి రిటైరైన కార్మికుడి చెవిన పడితే నవ్వుకుంటాడు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆ ఫ్యాక్టరీ నుంచి 1962, 1980 మధ్య 5 లక్షలకు పైగా ఎంజీబీలు బయటికొచ్చాయి. అక్కడ కూర్చుని కార్బురేటర్లను అద్దంలా రుద్దే తీరిక ఎవరికీ లేదు, ఆ ఖర్చు పెట్టే ఉద్దేశం యజమానులకూ లేదు.

పాత కారు భాగాలకు అసలు పూత తిరిగి తేవడమంటే మెరుపు పెంచడమేనని చాలామంది అనుకుంటారు. ఆ పనిలో సగం మెరుపును అదుపులో పెట్టడమే. ఏ భాగం ఎంత మెరవాలి, ఏది మసగ్గా ఉండాలి, ఏది నల్లగా, ఏది కాస్త గరుగ్గా ఉండాలి అన్నది తెలుసుకుని అక్కడిదాకా తెచ్చి ఆపాలి. తేవడం కన్నా ఆపడం కష్టం. బఫింగ్ చక్రం చేతికందుబాటులో ఉన్నప్పుడు మరీ కష్టం.

ఒకే కారులో ఇన్ని రకాల పూతలు ఎందుకున్నాయన్నది ముందు తెలియాలి. అబింగ్డన్‌లో కారును బిగించేవారు, అంతే. భాగాల్లో చాలా వరకు బయటి నుంచి వచ్చేవి. డైనమో, డిస్ట్రిబ్యూటర్, లైట్లు బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ నుంచి. మీటర్లు స్మిత్స్ నుంచి. కార్బురేటర్లు ఎస్‌యూ నుంచి. తీగచక్రాలు డన్‌లప్ నుంచి. బోల్టులు, నట్లు మరో నాలుగైదు కంపెనీల నుంచి. ఎవరి భాగానికి వాళ్లే తమ దగ్గరున్న తొట్టెలో పూత వేసి పంపేవారు. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు బోల్టుల్లో ఒకటి వెండి రంగులో, రెండోది నల్లగా ఉండడం ఆ కార్లలో మామూలు. వాటన్నిటినీ ఒకే రంగులోకి తెస్తే చూడముచ్చటగానే ఉంటుంది కానీ కారు చరిత్ర కొంత తుడిచిపెట్టుకుపోతుంది.

మనకూ ఈ కార్లతో దూరపు చుట్టరికం ఉంది. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏలో మొదట పెట్టిన 1489 సీసీ ఇంజన్, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ ఒకే కుటుంబానివి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా అంతే. దాని మాతృక అయిన ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును తయారు చేశారు. విజయవాడలోనో వరంగల్‌లోనో అంబాసిడర్ ఇంజన్ విప్పిన పాత మెకానిక్‌కు ఎంజీఏ బానెట్ ఎత్తి చూపిస్తే దారి అడగనక్కర్లేదు.

ఇక పని. మొదటి మెట్టు శుభ్రం చేయడం అని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి మెట్టు చూడడం. అరవై ఏళ్ల కారులో పైకి కనిపించే పూత ఎండకు, వానకు, ఉప్పుగాలికి ఎప్పుడో పోయి ఉంటుంది. కానీ పూత దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. ఒక బోల్టును విప్పి, పట్టపగటి వెలుతురులో పట్టుకుని చూడండి. తల పైభాగం గోధుమరంగు తుప్పు. పక్కల పాత గ్రీజు గడ్డకట్టి ఉంది. తలకు అడుగున, వాషర్ నొక్కుకుని ఉన్న చోట మాత్రం సన్నని ఉంగరంలా ఒక వలయం. గాలి తగలలేదు కాబట్టి అక్కడ ఫ్యాక్టరీ నాటి పూత అలాగే ఉంది. అది లేత బూడిద వెండి రంగులో ఉందా, నీలిచాయ తెలుపులో ఉందా, ఆకుపచ్చ జీర కలిసిన పసుపులో ఉందా, మాసిన నలుపులో ఉందా? ఆ వలయమే సాక్ష్యం. దాన్ని తుడిచేశాక పుస్తకాలు తిరగేసి లాభం లేదు.

బోల్టు తల మీద అచ్చుగుద్దిన అక్షరాలూ చూడాలి. బీస్, జీకేఎన్, న్యూవాల్ వంటి తయారీదారుల గుర్తులు, బలాన్ని తెలిపే అక్షరాలు ఉంటాయి. లూకాస్ వారైతే డిస్ట్రిబ్యూటర్ల మీద భాగం నంబరుతో పాటు తయారైన కాలాన్నీ అచ్చుగుద్దేవారు. 1960ల మధ్య నాటి డిస్ట్రిబ్యూటర్ మీద ‘3865’ అని ఉంటే అది 1965లో 38వ వారంలో తయారైందని అర్థం. ఎస్‌యూ కార్బురేటర్లకు చిన్న లోహపు బిళ్ల తగిలించి ఉంటుంది, దాని మీది సంఖ్యను బట్టి అది ఏ కారుకు ఉద్దేశించిందో చెప్పవచ్చు. బఫింగ్ చక్రం కింద ఒక్క నిమిషం పెడితే ఈ అక్షరాలన్నీ అరిగిపోతాయి. బ్రిటన్‌లోని గేడన్ కార్ల మ్యూజియం నుంచి కారు పుట్టుపూర్వోత్తరాల పత్రం తెప్పించుకోవచ్చు. ఏ రోజున తయారైంది, ఏ రంగు వేశారు, ఇంజన్ నంబరు ఎంత అన్నవి అందులో దొరుకుతాయి. బోల్టు రంగు మాత్రం దొరకదు. దానికి బోల్టునే అడగాలి.

ఫొటోలు తీసి, సంచుల్లో వేసి, పేర్లు రాసిపెట్టుకున్నాక శుభ్రం. గ్రీజుకు కిరసనాయిలు, మెత్తటి కుంచె చాలు. తుప్పు వదిలించడానికి మూడు దారులున్నాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టడం ఒకటి. బట్టల సోడా కలిపిన నీటిలో బ్యాటరీ ఛార్జర్‌తో కరెంటు పంపడం రెండోది. ఇందులో భాగాన్ని రుణ ధ్రువానికి, ఒక పాత ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలపాలి. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. మూడోది మనకు సులభంగా దొరికేది, చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి ఇనుప భాగాన్ని రెండు మూడు వారాలు మరిచిపోతే తుప్పు మాత్రమే కరిగి, కింది ఉక్కు దాదాపు చెక్కుచెదరకుండా మిగులుతుంది. కంపు భరించాలి, అంతే. అల్యూమినియాన్ని, జింక్ పోతలను మాత్రం అందులో వేయకూడదు, అవీ కరిగిపోతాయి.

కిందిది పైకి కనిపిస్తుంది అన్న సూత్రం ఒక్కటి పట్టుబడితే ఈ విద్యలో సగం వచ్చినట్టే. కరెంటుతో వేసే పూత మైక్రాన్లలో ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బోల్టు మీద జింక్ 5 నుంచి 8 మైక్రాన్లు ఉంటే గొప్ప. అంత సన్నటి పొర ఏ గీతనూ కప్పదు, ఏ గుంటనూ పూడ్చదు. ఇత్తడి గిన్నెకు కళాయి వేసేవాడు గిన్నెను తోమి తోమి, కాచి, నవాసారం చల్లి, లోహం తేటపడిందని నమ్మకం కుదిరాకే తగరం తాకిస్తాడు. కళాయికి క్షణాలు, తోమడానికి గంటలు. ప్లేటింగూ అంతే. ఉక్కును అద్దంలా పాలిష్ చేసి జింక్ వేస్తే అద్దంలాంటి జింక్ వస్తుంది. సన్నటి గాజుపూసలతో బ్లాస్ట్ చేసి వేస్తే మెత్తటి మసక మెరుపు వస్తుంది. ఫ్యాక్టరీ బోల్టులకు ఈ రెండోదే దగ్గర. ఎందుకంటే అప్పట్లో వాటిని వేల సంఖ్యలో ఒక తిరిగే డ్రమ్ములో వేసి ప్లేటింగ్ చేసేవారు. దొర్లుతూ, ఒకదానికొకటి తగులుతూ వచ్చేవి కాబట్టి అంచులు కాస్త మెత్తబడి, మెరుపు తగ్గి ఉండేది. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ తీగకు వేలాడదీసి ప్లేటింగ్ చేయిస్తే ఆ రూపం రాదు. చిన్న సామానుకు డ్రమ్ము ప్లేటింగ్ చేసే చోటు వెతుక్కోవడమే మంచిది.

అసలు చిక్కు కాడ్మియం దగ్గర మొదలవుతుంది. 1950, 60ల బ్రిటిష్ కార్లలో బోల్టులు, బ్రాకెట్లు, కార్బురేటర్ లింకేజీ, బ్రేకు భాగాలు చాలా వాటి మీద ఉన్నది కాడ్మియమే. జింక్‌లాగే అది కూడా ఉక్కుకు బదులు తాను తినబడి ఉక్కును కాపాడుతుంది. ఉప్పుగాలిని జింక్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. పైగా దాని ఉపరితలం నున్నగా జారుతుంది, అందువల్ల బోల్టు బిగించినప్పుడు బిగువు అంతటా సమానంగా వస్తుంది. విమానాల తయారీలో దానికి అంత గిరాకీ రావడానికి ఇదే కారణం. రంగులో జింక్‌కు నీలిచాయ ఉంటుంది, కాడ్మియం కాస్త పాలిపోయిన వెండి. ఏళ్లు గడిచేకొద్దీ మసకబారి మృదువైన బూడిద రంగుకు తిరుగుతుంది. పాత కార్లు చూడడానికి అలవాటుపడ్డ కన్ను ఆ తేడాను దూరం నుంచే పట్టేస్తుంది.

అయితే కాడ్మియం విషం. జపాన్‌లోని జింజూ నది లోయలో గని వ్యర్థాల నుంచి నీటిలోకి, ఆ నీటి నుంచి వరిపొలాల్లోకి చేరిన కాడ్మియం వందల మంది ఎముకలను గుల్ల చేసింది. దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా జపాన్ ప్రభుత్వం 1968లో గుర్తించింది. కాడ్మియం క్యాన్సర్ కారకమనీ తేలింది. ప్లేటింగ్ తొట్టెలో దానికి తోడు సయనైడ్ కూడా ఉంటుంది. ఐరోపాలో 1990ల నుంచే దాని వాడకాన్ని బాగా కుదించారు. విమాన, రక్షణ రంగాల పని చేసే కొద్దిపాటి సంస్థల దగ్గర తప్ప కాడ్మియం ప్లేటింగ్ ఇప్పుడు అంత సులభంగా దొరకదు. ఇంట్లో పనిచేసేవారు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: పాత బోల్టు మీద ఉన్నది కాడ్మియమో జింకో కంటికి తేలకపోతే కాడ్మియమనే అనుకోండి. దాన్ని వైరు బ్రష్షుతో గీకి దుమ్ము చేయకూడదు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చడం అన్నిటికన్నా ప్రమాదం, ఆ పొగ పీల్చి చనిపోయినవారున్నారు.

నా అభిప్రాయం అడిగితే, రోడ్డు మీద తిరిగే కారుకు కాడ్మియం కోసం వెంపర్లాడడం అనవసరం. గాజుపూసలతో బ్లాస్ట్ చేసి, మెరుపు తెచ్చే రసాయనం తక్కువగా ఉన్న తొట్టెలో జింక్ వేయించి, నీలిచాయ మరీ కొట్టొచ్చినట్టు రాకుండా చూసుకుంటే చాలు. పోటీలకు వెళ్లేవారి లెక్క వేరు. కారు అసలు రూపాన్ని పరిశీలించి మార్కులు వేసే ఆస్టిన్-హీలీ, జాగ్వార్ క్లబ్బుల న్యాయనిర్ణేతలు పూతల దగ్గర మొహమాటపడరు.

పసుపు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జింక్ గానీ కాడ్మియం గానీ వేశాక భాగాన్ని క్రోమేట్ ద్రావణంలో కొన్ని క్షణాలు ముంచుతారు. ఆ పొర లోహాన్ని మరికొంత కాలం కాపాడుతుంది. ద్రావణాన్ని బట్టి అది రంగులేకుండానో, నీలిగానో, పసుపుగానో వస్తుంది. పాత పసుపులో ఇంద్రధనుస్సు జీరలు కనిపిస్తాయి, ఒక పక్క నుంచి ఆకుపచ్చగా, మరో పక్క నుంచి ఎర్రగా. ఆ రంగు హెక్సావాలెంట్ క్రోమియం వల్ల వచ్చింది. ఐరోపాలో కొత్త కార్ల తుప్పు నిరోధక పూతల్లో దాన్ని 2007 జూలై నుంచి ఆపేశారు. ఇప్పుడు చాలాచోట్ల వాడేది ట్రైవాలెంట్ రకం. పసుపు రావడానికి దానిలో కొందరు అద్దకం రంగు కలుపుతారు, అది అన్నివైపులా ఒకేలా ఉండి పసుపు పెయింటు వేసినట్టు కనిపిస్తుంది. ప్లేటింగ్‌కు ఇచ్చేముందు నమూనా ముక్క అడిగి, ఎండలో తిప్పి చూసుకోవడం మంచిది. ఇంకో మాట. ‘పాత కారు బోల్టులంటే పసుపు’ అని ఒక నమ్మకం పాతుకుపోయింది. ఎంజీలు, ట్రయంఫ్‌లలో వెండి రంగువి, నల్లవి ఎన్నో ఉన్నాయి. వాషర్ కింది వలయం ఏం చెబితే అదే.

ప్రాణం మీదికి తెచ్చే విషయం ఒకటుంది, ప్లేటింగ్ దుకాణంలో దాన్ని అడక్కపోతే చెప్పరు. యాసిడ్‌లో ముంచినప్పుడు, ప్లేటింగ్ చేసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అందులో కొంత ఉక్కులోకి ఇంకిపోతుంది. మామూలు మెత్తటి ఉక్కుకు దానివల్ల నష్టం లేదు. గట్టిపరిచిన ఉక్కుకు, అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్లు దాటిన బలం ఉన్నదానికి, ఇది చాప కింద నీరు. బోల్టు బిగించినప్పుడు బాగానే ఉంటుంది. గంటలో కావచ్చు, వారంలో కావచ్చు, ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున తెగుతుంది. అందుకని ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపే భాగాన్ని ఓవెన్‌లో పెట్టి 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాల్చాలి. పసుపు క్రోమేట్ ఆ వేడికి చెడిపోతుంది కాబట్టి కాల్చడం ముందు, పసుపు తర్వాత. స్ప్రింగులు, గట్టి క్లిప్పులు, స్టీరింగ్ బోల్టులు ఈ కోవలోకే వస్తాయి. ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ బోల్టుల వంటి వాటికైతే ప్లేటింగ్ ఆలోచనే వద్దు, నూనె రాస్తే చాలు.

మరల సంగతి చిన్నదే కానీ జేబుకు చిల్లు పెడుతుంది. మర వాలుగా ఉంటుంది కాబట్టి 8 మైక్రాన్ల పూత వేస్తే, నట్టు పట్టుకునే చోట దాని కొలత 8 కాదు, ఇంచుమించు నాలుగు రెట్లు, 32 మైక్రాన్లు పెరుగుతుంది. మందంగా వేస్తే నట్టు ఎక్కదు. ఎక్కడం లేదని కొత్త బోల్టు కొందామంటే అన్ని కార్లకూ దొరకదు. 1945 తర్వాతి ఎంజీ టీసీ కారు ఇంజన్‌ను తీసుకోండి. దాని మరలు మెట్రిక్, తలలు మాత్రం బ్రిటిష్ విట్‌వర్త్ కొలతలో ఉంటాయి. మోరిస్ సంస్థ 1923లో కొవెంట్రీలోని ఫ్రెంచ్ హాచ్‌కిస్ ఫ్యాక్టరీని కొన్నప్పుడు అక్కడి మెట్రిక్ యంత్రాలూ దానితోపాటే వచ్చాయి. బ్రిటిష్ మెకానిక్ చేతిలో ఉన్నవి విట్‌వర్త్ పానాలు. ఆ ఇద్దరినీ రాజీ చేసిన బోల్టు అది. అలాంటిది పారేస్తే మళ్లీ ఎక్కడ తెస్తారు? తుప్పు వదిలించి, సన్నగా పూత వేసి వాడుకోవాల్సిందే.

నల్ల భాగాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వాటిలో చాలా వరకు ఫాస్ఫేట్ పూత. బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణంలో ఉక్కును వేడి చేస్తే దాని మీద సన్నటి స్ఫటికాల పొర ఏర్పడుతుంది. ఆ స్ఫటికాల మధ్య నూనె ఇమిడిపోయి తుప్పును ఆపుతుంది. నూనె పెట్టకపోతే ఈ పూతకు విలువే లేదు. నల్ల స్ప్రే పెయింటుతో సరిపెట్టేవాళ్లున్నారు. పానా పెట్టిన మొదటిసారే అది పెచ్చులూడి అసలు రంగు బయటపెడుతుంది.

అల్యూమినియం దగ్గరికి వచ్చేసరికి మొదట చెప్పుకున్న కార్బురేటర్ టోపీలను మళ్లీ పట్టుకోవాలి. ఎస్‌యూ కార్బురేటర్‌లో దాన్ని డాష్‌పాట్ అంటారు. దాని లోపల ఒక పిస్టన్ ఇంజన్ పీల్చే గాలిని బట్టి పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్‌కు అంటిన సూది జెట్‌లోంచి వచ్చే పెట్రోలును కొలిచి వదులుతుంది. పిస్టన్, డాష్‌పాట్ ఒకదానికొకటి జత కూర్చినవి. ఒక కార్బురేటర్ పిస్టన్‌ను రెండోదానిలో పెట్టకూడదు. లోపలి గోడకు ఎమరీ కాగితం గానీ, మెటల్ పాలిష్ గానీ తాకించకూడదు. థిన్నర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవడమే. గోడ అరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. గాలి పోయే రంధ్రాలు మూసి, జతను తలకిందులుగా పట్టుకుని డాష్‌పాట్‌ను జారనిస్తే, ఎంజీబీలో ఉన్న 1.5 అంగుళాల కార్బురేటర్‌కు అది దిగడానికి సుమారు 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. గభాలున పడిపోతే గోడ అరిగినట్టు. పైన అద్దంలా మెరిసి ఈ పరీక్షలో తప్పిన కార్బురేటర్లు కోకొల్లలు. పైన పటారం లోన లొటారం అనే మాట వాటి కోసమే పుట్టిందేమో.

బయటి పోతకు ఇప్పుడు నిపుణులు వాడేది తడి బ్లాస్టింగ్. నీళ్లలో సన్నటి గాజుపూసలు కలిపి గాలి ఒత్తిడితో చిమ్ముతారు. నీరు దెబ్బను మెత్తబరుస్తుంది కాబట్టి పూసలు లోహంలో దిగబడవు, పోత సహజమైన బూడిద వెండి మెరుపు బయటికొస్తుంది. పొడి ఇసుకతో కొడితే అల్యూమినియం గీసుకుపోయి, మళ్లీ మురికి పట్టడానికి వీలుగా గరుకు తేలుతుంది. పైగా ఇసుక దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. బ్రిటన్‌లో పోతల బ్లాస్టింగ్‌కు ఇసుక వాడకాన్ని 1949 నిబంధనలతోనే ఆపేశారు. ఏ రకం బ్లాస్టింగ్ చేసినా సన్నటి రంధ్రాల్లో పూస ఒక్కటి మిగలకుండా కడగాలి. మిగిలితే అది నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. జాగ్వార్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. 1948లో ఎక్స్‌కే120 కారుతో వచ్చిన జాగ్వార్ ఇంజన్ మీది క్యామ్ కవర్లను ఫ్యాక్టరీలోనే పాలిష్ చేసేవారు. బానెట్ ఎత్తినవాడు నోరెళ్లబెట్టాలనే వాళ్ల ఉద్దేశం. అక్కడ మెరుపే అసలు పూత.

క్రోమ్ విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది. బంపర్ మీద మెరిసేది క్రోమియం అనుకుంటాం. మెరిసేది దాని కింది నికెల్. రాగి పొర గుంటలు పూడ్చడానికి, 20, 30 మైక్రాన్ల నికెల్ మెరుపుకూ కాపలాకూ, పైన క్రోమియం అర మైక్రాన్ కూడా ఉండదు. అది నికెల్ మసకబారకుండా చూస్తుంది, ఆ నీలి చల్లదనాన్ని ఇస్తుంది. అందుకే క్రోమ్ మాత్రం కొత్తగా వేస్తామనే దుకాణానికి దూరంగా ఉండడం మంచిది. పాత పొరలన్నీ వదిలించి, ఉక్కును సాపు చేసి, రాగి నుంచి మొదలుపెట్టాలి. 1920ల మొదటి భాగం నాటి బెంట్లీ లాంటి కార్లకు అసలు క్రోమే తప్పు. క్రోమ్ ప్లేటింగ్ వ్యాపార స్థాయిలో వచ్చింది ఆ దశాబ్దం రెండో సగంలో. అంతకు ముందంతా నికెలే. దాని మెరుపులో లేత పసుపు వెచ్చదనం ఉంటుంది, తరచూ తుడుస్తూ ఉండాలి.

తలుపు పిడులు, దీపాల దిమ్మెలు, బ్యాడ్జీలు మరీ తలనొప్పి. అవి మజాక్ అనే జింక్ మిశ్రమంతో పోసినవి. క్రోమ్‌లోని సూక్ష్మ రంధ్రాల గుండా తేమ దిగి లోపలి జింక్‌ను తింటుంది, పైన మొటిమల్లా పొక్కులు లేస్తాయి. ప్లేటింగ్ తీసేస్తే ఒక్కో పొక్కు కింద ఒక గుంట. ఆ గుంటలన్నిటినీ తవ్వి, రాగితో పూడ్చి, రుద్ది, మళ్లీ రాగి వేసి, మళ్లీ రుద్ది నికెల్‌దాకా వెళ్లాలి. మామూలు యాసిడ్ రాగి తొట్టెలో ముంచితే జింక్ కరుగుతుంది, అందుకని మొదటి పొర సయనైడ్ రాగిది కావాలి. రుద్దేటప్పుడు అక్షరాల అంచులు గుండ్రంగా అరిగిపోకుండా చూసే చెయ్యి కావాలి. మంచి పనివాడు కొత్త నకలు కొన్నదానికన్నా ఎక్కువ అడుగుతాడు. బ్యాడ్జీకి అంత పెట్టవచ్చు. దీపం దిమ్మెకు నేనైతే పెట్టను.

తీగచక్రాల గురించి ఒక్క ముక్క. ఎంజీబీకి వచ్చిన మామూలు తీగచక్రాలు వెండి పెయింటువి, క్రోమ్‌వి అదనపు డబ్బుకు దొరికేవి. ఇప్పుడు కనిపించేవాటిలో ఎక్కువ క్రోమే. మధ్యలో బిగించే రెండు చెవుల నట్టు మాత్రం క్రోమే. అమెరికాలో 1968 నుంచి ఆ చెవులను నిషేధించడంతో అక్కడికి వెళ్లిన కార్లకు ఎనిమిది పలకల నట్టు వచ్చింది. చక్రం పెయింటు చూసి అసలుదని మురిసిపోయి, నట్టు దగ్గర తప్పులో కాలేసినవాళ్లు తక్కువేం కాదు.

ఇంత చెప్పాక ఒక సలహా, ఇది దుకాణదారులకు నచ్చదు. అసలు పూత ముప్పావు వంతు మిగిలి ఉన్న భాగాన్ని ముట్టుకోకండి. కిరసనాయిలుతో తుడిచి, పలచగా మైనం రాసి బిగించేయండి. మిగతావాటిని ప్లేటింగ్‌కు ఇచ్చేటప్పుడు ఎన్ని, ఏవేవి అని జాబితా రాసి ఫొటోతో సహా ఇవ్వండి. డ్రమ్ములో వేసిన చిన్న వాషర్లు వేరేవాళ్ల సరుకులో కలిసిపోవడం రోజూ జరిగేదే. కాల్చాల్సిన గట్టి ఉక్కు భాగాలకు వేరే సంచి కట్టండి. తిరిగొచ్చాక వాటి మీద మెరుపు నిలవాలని వార్నిష్ కొట్టించకండి. కొన్నాళ్లకు అది పచ్చబడుతుంది, గీత పడ్డ చోట తేమ దాని కిందికి దూరి పూతను లోపలి నుంచే తింటుంది. వార్నిష్ లేకుండా రోడ్డెక్కిన కారులో ఏడాది రెండేళ్లకు జింక్ తనంతట తానే మసకబారుతుంది. అప్పుడు దాన్ని కాడ్మియం నుంచి వేరుచేసి చెప్పాలంటే న్యాయనిర్ణేత కూడా కళ్లద్దాలు తుడుచుకోవాలి.